నూరు శాతం చర్మం

ఓర్తాలా మహారాణి ఏడు కోటలు గెలిచింది. రెండు తలల పాముని నిలువునా చీల్చింది. సింహాసనం ఎక్కి కూర్చున్న సొంత బాబాయిని కాలితో తన్ని కింద పడేసింది. ఇంత చేసిన మనిషి ఒంటి మీద ఉన్నవి మూడే: ఒక తోలు ముక్క, ఒక గొలుసు, బోలెడంత ధైర్యం.

ఆ మహాతల్లికి నిండుగా బట్టలు తొడగటమే మైసూన్ ఉద్యోగం.

అమ్మాన్‌లో, వైబ్దే గుట్ట మీద, కాఫీ గింజలు వేయించే కొట్టుకి పైన ఉంటుంది ఆ స్టూడియో. పై దేశాల వీడియో గేములు ముందు అక్కడికొచ్చి నాలుగు అరబ్బీ ముక్కలు నేర్చుకుని, కాస్త సభ్యత కూడా నేర్చుకుని, ఆ తర్వాతే దుకాణాలకి వెళ్తాయి. భాష నేర్పేవాళ్లు ముందు గదిలో కూర్చుంటారు. సభ్యత నేర్పేది వెనక గదిలో. దాన్ని అందరూ కుట్టుగది అంటారు. అక్కడ సూదీ లేదు, దారమూ లేదు. కంప్యూటర్లో బొమ్మ ఒంటి మీద బట్ట బొమ్మ గీసి అతికిస్తారు, అంతే.

యజమాని ఉస్తాద్ ఫవాజ్ ఈ పనిలో తల పండినవాడు. ఆయన హయాంలో కుట్టుగది రాతి విగ్రహాలకి చొక్కాలు వేసింది. జలకన్యకి చేప పొలుసులు మెడ దాకా పెంచింది. ఒకసారి యుద్ధంలో తెగి దొర్లిన ఆడమనిషి తలకి, మెడ కనపడుతోందని, కాలర్ కుట్టించాడు. కాలర్ కింద నుంచి కారే నెత్తురుని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. నెత్తురుదేముంది, అది అందరి ఒంట్లోనూ ఉండేదేగా!

మైసూన్‌కి పెళ్లై మూడు వారాలైంది. అరచేతుల్లో గోరింటాకు ఇంకా పూర్తిగా వెలిసిపోలేదు. ఉదయం లేస్తూనే పక్కన నిద్రపోతున్న ఖుతైబాని చూసి, ఈయన నిజంగా మా ఇంట్లోనే ఉంటాడు కదా అని రోజూ కొత్తగా ఆశ్చర్యపోతుంది. వాళ్లింట్లో రెండు టూత్‌బ్రష్‌లు ఒకే గ్లాసులో ఉండటం కూడా ఆమెకి పండగలాగే ఉంది. వీధిలో గ్యాసుబండి వాయించే పాట వినపడితే ఇద్దరూ వంటింట్లో ఒక గంతు వేస్తారు.

ఒక్కటే లోటు. అకబా వెళ్లలేదు.

పెళ్లైన మూడో రోజున సముద్రం దగ్గరికి వెళ్దామని సంచులు సర్దుకుంటుంటే ఫవాజ్ ఫోన్ చేశాడు. ముందు మబ్రూక్ అని అభినందించాడు, తర్వాత రాణిగారి సంగతి చెప్పాడు. ఈద్ సెలవుల్లోపు ఆ గేమ్ దుకాణాలకి చేరాలి, దాని మీద "పన్నెండేళ్లు దాటినవాళ్లకి" అనే ముద్ర పడాలి. పద్దెనిమిది అని పడిందా, బడి పిల్లలు కొనరు, గేమ్ తీసుకునే వ్యాపారి కొనడు. "పన్నెండు తెచ్చిపెట్టు తల్లీ, ఈద్ వారమంతా నీది. తేలేకపోతే ఆ వారమంతా ఇక్కడే కూర్చుని మళ్లీ కుడదాం," అన్నాడు. ఖుతైబాకి కళ్లద్దాల కొట్టు ఉంది. అది మూసేది ఈద్ వారంలోనే. అంటే ఇప్పుడు అకబా దారి ఓర్తాలా రాణి పైటకొంగు కింద నుంచి పోతోందన్నమాట.

మైసూన్ సంచి విప్పలేదు. తలుపు పక్కనే ఉంచి, రాణి మీద పడింది. మెడ దగ్గర నుంచి చీలమండల దాకా మెరూన్ రంగు పట్టు, అంచుకి వెండి జరీ, భుజాల మీద డేగ రెక్కల కుట్టు, చేతులకి లేసు తొడుగులు. అలాంటి దుస్తులు తన పెళ్లిలో తనకి కూడా లేవు. గీస్తున్నంతసేపూ రాణికి పాటలు పాడి వినిపించింది.

అత్తగారికి కోడలి ఉద్యోగం సగమే అర్థమైంది. "నువ్వు బట్టలు కుడతావట కదా?" అంది మొదటి శుక్రవారం.

"అవునత్తయ్యా."

"ఎవరికి?"

"ఒక రాణిగారికి."

అత్తగారు లోపలికి వెళ్లి, వదులైపోయిన లంగా ఒకటి తెచ్చి ఒళ్లో పెట్టింది. "రాణిగారిది అయ్యాక ఇదీ కాస్త చూడమ్మా." మైసూన్‌కి సూదిలో దారం ఎక్కించటమే రాదు. ఖుతైబా కిటికీ వైపు తిరిగి, భుజాలు కదిలేలా నవ్వాడు.

వయసు ముద్ర వేసే కమిటీ నుంచి జవాబు వచ్చింది. పద్దెనిమిది.

ఫవాజ్ కుర్చీలోంచి లేవలేదు. "ఎక్కడో మోకాలు మిగిలిపోయింది," అన్నాడు. "వెతుకు."

ఇద్దరూ తెర ముందు కూర్చుని రాణిని ముందూ వెనకా, పైనా కిందా తిప్పి చూశారు. నిలబెట్టారు, గుర్రం ఎక్కించారు, బురదలో దొర్లించారు. మోకాలు కాదుగదా, మణికట్టు కూడా దొరకలేదు. అప్పుడు మైసూన్ జవాబు అడుగున ఉన్న కారణం చదివింది.

"ఉస్తాద్, మోకాలు కాదు. నెత్తురట."

"నెత్తురా?" ఫవాజ్ కళ్లజోడు తీసి ఆమెని చూశాడు. "నెత్తురు ఎప్పటి నుంచి తప్పైందమ్మా?"

"కమిటీ మారిందటగా. కొత్త నియమాలట."

"అసలు కంపెనీ వాళ్లు పంపిన గేమ్‌లో నెత్తురే లేదు కదా! రాణి కత్తి దూస్తుంది, పాము పడుతుంది, అంతే. అవతలి దేశంలో దీనికి పన్నెండే ఇచ్చారు!"

మైసూన్ గేమ్ మొదలుపెట్టి, పాము గుహలోకి వెళ్లింది. రాణి మొదటి వేటు వేసింది. పాము నుంచి చుక్క ఎగిరి వచ్చి రాణి భుజం మీద పడింది. పడి జారిపోలేదు. మెరూన్ పట్టు మీద నల్లగా ఇంకి, పాకి, డేగ రెక్కల దాకా వెళ్లింది. రెండో వేటు, మూడో వేటు. గుహ బయటకి వచ్చేసరికి మహారాణి బక్రీద్ నాటి కసాయి కొట్టులో ఏప్రన్‌లా ఉంది.

మైసూన్ వెనక్కి వెళ్లి, బట్టలు లేని అసలు రాణితో అదే పాముని చంపి చూసింది. చుక్కలు ఒంటి మీద పడ్డాయి, ఆవిరిలా ఆరిపోయాయి. మచ్చ లేదు.

అప్పటికి విషయం బోధపడింది. ఆ గేమ్ చేసినవాళ్లు నెత్తురుకి ఒక లెక్క పెట్టారు. చర్మం మీద పడితే ఆరిపోతుంది, బట్ట మీద పడితే ఇంకుతుంది. రాణి ఒంటి మీద బట్టే లేదు కాబట్టి ఇంకటానికి చోటు లేదు. ఆమెని తల నుంచి కాళ్ల దాకా కప్పి, మైసూన్ గజాల కొద్దీ చోటిచ్చింది. ఎంత సభ్యంగా తయారు చేస్తే అంత రాక్షసిలా అయిందన్నమాట.

"అయితే నెత్తురు లెక్క మార్చు," అన్నాడు ఫవాజ్.

"అది వాళ్ల దగ్గర తాళం వేసి ఉంది ఉస్తాద్. మన చేతిలో ఉన్నవి బట్టలే. పోనీ చేతులు మోచేతి దాకా..."

"చేతులా!" ఆయన గుండె పట్టుకున్నాడు. "ఇరవై ఏళ్లుగా ఈ కుట్టుగది నుంచి ఒక్క మోచెయ్యి బయటకి పోలేదు. నేను పోయాక విప్పుకోండి."

ఆ సాయంత్రం మైసూన్ ఏడుపు ముఖంతో ఇంటికొచ్చింది. సంచి తలుపు పక్కనే ఉంది, దాన్ని చూసి ఇంకాస్త ముఖం మాడ్చుకుంది. ఖుతైబా టమాటాలు, గుడ్లు కలిపి షక్షూకా వండుతున్నాడు. పెళ్లికొడుకులు కొత్తలో చేసే వంటలు ఎలా ఉంటాయో అదీ అలాగే ఉంది: వంటింటి నిండా టమాటా.

"ఏమైంది నా కుట్టుమిషన్‌కి?"

"రాణి నెత్తురు మడుగైపోయింది. అకబా లేదు. నువ్వు కొట్టు మూసుకుని మీ అమ్మ లంగా కుట్టుకో."

"ముందు ఇది రుచి చూడు, తర్వాత ఏడువు." గరిటె ఊపుతూ వచ్చాడు. గరిటెలో ఉన్నది సగం ఆమె చేతి మీద, సగం పెళ్లికి పిన్ని ఆమెకి పెట్టిన తెల్ల చొక్కా మీద పడింది.

"ఖుతైబా!"

"క్షమించు, క్షమించు." నల్లా కిందికి లాక్కెళ్లి చెయ్యి కడిగాడు. చొక్కా మీద నీళ్లు చల్లి రుద్దాడు. అది ఇంకా పాకింది. "చేతి మీదదైతే ఇట్టే పోయింది చూడు. ఈ చొక్కా కూడా నీ ఒంటి మీద చర్మమే అయ్యుంటే ఎంత బావుండేది!"

మైసూన్ చెయ్యి నల్లా కిందే ఆగిపోయింది. నీళ్లు పారుతున్నాయి.

"ఇంకోసారి అను."

"ఏది? క్షమించు అనా?"

"కాదు, చొక్కా చర్మం అన్నావే!" తడి చేతులతోనే అతని ముఖం పట్టుకుని నుదుటి మీద, ముక్కు మీద, చెవి మీద ముద్దులు పెట్టింది. షక్షూకా మాడింది. ఇద్దరూ రొట్టె, ఆలివ్ కాయలు తిని పడుకున్నారు.

మర్నాడు ఆమె చేసింది చాలా చిన్న పని. గేమ్ లోపల ప్రతి ముక్కకీ అది దేనితో చేసిందో ఒక మాట రాసి ఉంటుంది: ఇనుము, తోలు, బట్ట, చర్మం. కంటికి కనపడే రంగుతో ఆ మాటకి సంబంధం లేదు. మైసూన్ పట్టు పావడా దగ్గర "బట్ట" తీసి "చర్మం" అని రాసింది. రవిక దగ్గరా, పైట దగ్గరా అంతే. పాముని చంపి చూసింది. చుక్కలు పట్టు మీద పడ్డాయి, ఆవిరైపోయాయి. మహారాణి గుహ నుంచి పెళ్లిపందిట్లోకి వచ్చినట్టు బయటకి వచ్చింది.

ఫవాజ్ చప్పట్లు కొట్టబోయి, ఆగాడు. కమిటీకి పంపే ముందు స్టూడియో ఒక హామీ పత్రం ఇవ్వాలి. కంప్యూటరే గేమ్‌ని చదివి, అందులో ఏముందో దాని మీద అచ్చేస్తుంది. కింద యజమాని సంతకం చేయాలి. ఆ పత్రం ఇలా అచ్చైంది: నెత్తురు, లేదు. ముఖ్యపాత్ర ఒంటి మీద చర్మం, నూరు శాతం.

"నూరా?" అన్నాడు ఫవాజ్ నీరసంగా. "అసలు కంపెనీ వాళ్లు పంపినప్పుడు కూడా ఎనభై తొంభై మధ్యే ఉండేదమ్మా!"

"అప్పుడు ఒక తోలు ముక్క ఉండేదిగా ఉస్తాద్."

"ఇరవై ఏళ్లు ఊళ్లో ఆడబొమ్మలన్నిటికీ బట్టలు కప్పినవాణ్ణి. చివరికి నా చేత్తో నేనే సంతకం పెట్టాలా, ఈవిడ దిసమొలతో ఉందని?"

"కంటికి నిండుగానే ఉందిగా. కళ్లు మూసుకుని పెట్టేయండి."

కళ్లు మూసుకునే పెట్టాడు. సంతకం ఫవాజ్ అనే పేరుకి కాస్త కుడి పక్కగా పడింది.

ఈద్‌కి ముందు కమిటీ చివరిసారి కూర్చునే రోజు. అందులో ఇద్దరే ఇద్దరు. ఉస్తాద్ షఫీక్ పాత మనిషి. తెర మీద స్కేలు పెట్టి, బట్ట మోకాలికి ఎంత పైన ఆగిందో కొలిచి ముద్ర వేసిన రోజుల వాడు. ఆ స్టీలు స్కేలు ఇప్పటికీ జేబులోనే ఉంటుంది, వీపు గోక్కోవటానికి. పక్కన రగద్, ఇద్దరు పిల్లల తల్లి, కొత్తగా వచ్చింది. ఆడి చూసేది ఆమే. నియమం ఒక్కటే: ఇద్దరూ తమ కళ్లతో చూసి వయసు తేల్చాలి, పెట్టె మీద హెచ్చరిక బొమ్మలు మాత్రం హామీ పత్రం ప్రకారం పడతాయి.

షఫీక్ పత్రం చూశాడు, తెర చూశాడు, మళ్లీ పత్రం చూశాడు.

"కాగితం చూస్తే ఈవిడ ఒంటి మీద నూలుపోగు లేదు. తెర చూస్తే మా ఆవిడ కన్నా ఎక్కువ బట్టలేసుకుంది. దేన్ని నమ్మాలమ్మా?"

"కళ్లని నమ్మండి ఉస్తాద్," అంది మైసూన్. "అనుమానం ఉంటే మావారిది కళ్లద్దాల కొట్టే."

ఫవాజ్ బల్ల కింద ఆమె కాలు తొక్కాడు.

రగద్ అప్పటికే రెండో కోట గెలిచేసింది. "బట్టల గొడవ నాకొద్దు ఉస్తాద్ షఫీక్. మావాడు ఆరేళ్లప్పుడు ఒక గేమ్‌లో గొడ్డలి దెబ్బ చూసి, నెలల తరబడి మా ఇద్దరి మధ్యలో పడుకున్నాడు. ఆ గేమ్ మీద ఏం రాసుందో తెలుసా? 'అన్ని వయసుల వాళ్లకీ' అని. కింద మీ సంతకం."

"అందులో అందరూ ఇనప కవచాలు వేసుకునే ఉన్నారు కదమ్మా."

"వేసుకునే చచ్చారు!"

"సరేలే. నేను జానలు కొలిచాను, నువ్వు బొట్లు లెక్కపెడుతున్నావు. ఎవరి పిచ్చి వాళ్లకి ఆనందం."

పాము గుహ వచ్చింది.  మొదటి వేటు. పావడా మీద మచ్చ లేదు. రెండో వేటు. పైట మీద మచ్చ లేదు. రెండు తలలూ పడ్డాయి. రాణి కత్తి పైకెత్తి నిలబడింది.

ఎత్తిన ఎడమ చెయ్యి మోచేతి దాకా ఎర్రగా ఉంది.

చేతి తొడుగు! ఎడమ తొడుగు దగ్గర మాట మార్చటం మర్చిపోయింది. సరిగ్గా అది మార్చబోతుంటేనే ఖుతైబా ఫోన్ చేసి, సముద్రం వైపు గది దొరికిందని చెప్పాడు. ఆ సంతోషంలో కుడిది మార్చి, ఎడమది వదిలేసింది. చంపి చూసినప్పుడు చుక్క అటు పడలేదు, అంత చిన్న ముక్క పత్రం లెక్కకీ అందలేదు.

రగద్ ఆట ఆపేసింది. "ఇదేంటి?"

"అది... మార్చేస్తానండీ."

"ఇప్పుడే?"

 మాట మారిస్తే గేమ్‌ని మళ్లీ తయారు చేయటానికి కంప్యూటర్‌కి రాత్రంతా పడుతుంది. ఇక్కడ చూపించిందానికే ముద్ర. రేపటి నుంచి సెలవులు. ఇప్పటికిప్పుడు ఒక్క నొక్కుతో చేయగలిగింది ఒక్కటే.

"తీసేయగలను," అంది చిన్నగా. "తొడుగుని. చెయ్యి... బయటపడుతుంది."

ఫవాజ్ కళ్లు మళ్లీ మూసుకున్నాయి. రగద్ షఫీక్ వైపు చూసింది. షఫీక్ జేబులోంచి స్కేలు తీశాడు. తెర దగ్గరికి వెళ్లి, ఆ ఎర్రటి చెయ్యి దగ్గర స్కేలు ఆనించి, వేళ్ల కొసల నుంచి మోచేతి దాకా కొలిచాడు.  కొలిచి, నెత్తురు ఓడే ఆ లేసుని దగ్గరగా చూసి, ముఖం చిట్లించాడు.

"ఛీ! ఇన్నేళ్లూ ఈ నెత్తుటి మరకలు నా కంటికి ఆననేలేదు." స్కేలు జేబులో పెట్టుకున్నాడు. "తీసేయమ్మా. చెయ్యే కదా."

మైసూన్ నొక్కింది. తొడుగు మాయమైంది. గేమ్ మొత్తంలో కంటికి కనపడే ఆ ఒక్క చెయ్యీ కత్తి పట్టుకుని, శుభ్రంగా, గోధుమరంగులో మెరిసింది.

"మంచి చెయ్యి," అన్నాడు షఫీక్. కుర్చీకి తిరిగొచ్చి కాఫీ అందుకున్నాడు. "పన్నెండు."

"పన్నెండు," అంది రగద్.

మైసూన్ ఇద్దరికీ దండం పెట్టబోయి, అంతసేపు ఆగలేక, తలుపు కొట్టుకునేంత వేగంగా బయటకి పరిగెత్తింది. మెట్ల మీద నుంచే ఫోన్: "సంచి తీసుకుని రా!"

నాలుగో రోజున అకబాలో, మెడ నుంచి చీలమండల దాకా ఉన్న ఈత దుస్తులు వేసుకుని ఆమె నీళ్ల ఒడ్డున కూర్చుని ఉండగా ఫవాజ్ ఫోన్ చేశాడు. ఆయన ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియటం లేదు.

"పెట్టె మీద ముద్ర చూశావా? పన్నెండు, పక్కనే 'నగ్నత్వం' అని ఇంత బొమ్మ!"

"పత్రంలో నూరు శాతం అని ఉందిగా ఉస్తాద్."

"ఊళ్లో కుర్రాళ్లంతా అదే కొంటున్నారు. దుకాణాల్లో సరుకు లేదు. ఏడు కోటలూ రెండేసి సార్లు గెలిచారట, ఎక్కడా ఏమీ కనపడలేదని స్టూడియోకి ఫోన్లు! ఒకడైతే, 'ఎడమ చెయ్యి తప్ప ఇంకేం లేదు, ఇది మోసం' అని తిట్టి పెట్టేశాడు. ఇంకో కంపెనీ వాళ్లు వచ్చారు తల్లీ, వాళ్ల గేమ్‌లో తాతగారు తోటపని చేస్తాడు, దానికీ ఆ బొమ్మ వేయించిపెట్టమంటున్నారు. ఏం చెప్పను?"

"తాతగారి కోటుని చర్మం అని రాయండి," అని ఫోన్ పెట్టేసి, మైసూన్ సముద్రంలోకి దూకింది.

ఖుతైబా ఆమె మీద నీళ్లు కొట్టాడు. ఆమె రెండు చేతులా తిరిగి కొట్టబోయింది. భుజం దగ్గర టర్రుమని చప్పుడైంది. ఈత దుస్తుల కుట్టు విడిపోయి, ఎడమ చేతి గుడ్డ మోచేతి మీదికి జారి వేలాడింది.

ఇద్దరూ దాన్ని చూశారు.

"కుట్టుగది పెద్దమ్మా," అన్నాడు ఖుతైబా, "కుట్టేస్తావా?"

"సూదిలో దారం నువ్వెక్కిస్తే."

"అమ్మకి తెలిస్తే లంగా వెనక్కి తీసేసుకుంటుంది."

మైసూన్ ఆ వేలాడే గుడ్డని పట్టుకుని గుంజి, పూర్తిగా ఊడదీసి, అతని తలకి చుట్టింది. వెలిసిపోతున్న గోరింటాకు చెయ్యి ఉప్పునీళ్లలో తళతళలాడింది.

"పోనీలే," అంది. "చెయ్యే కదా."